ఇంటర్‌లో ఉండగానే గ్రాఫిక్ డిజైన్: మీ ప్రశ్నలు, మా జవాబులు

గ్రాఫిక్ డిజైన్, విజువల్ కమ్యూనికేషన్ చదువుల మీద వచ్చిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాం. ఒకే సందేహం పలువురికి ఉన్నచోట ఒక్క ఉత్తరమే వేశాం.

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి పూర్తిచేసింది. గ్రాఫిక్ డిజైన్ చదువుతానంటోంది. మా దగ్గర జూనియర్ కాలేజీల్లో అలాంటి గ్రూపే లేదు. ఎంపీసీలో చేర్పిస్తే ఆ దారి మూసుకుపోతుందా? సీబీఎస్‌ఈలో 'గ్రాఫిక్స్' అనే సబ్జెక్టు ఉందట. దానికోసం బడి మార్చమంటారా?
(ఒక తండ్రి, ఖమ్మం)

జవాబు: ముందు ఆ 'గ్రాఫిక్స్' సంగతి తేల్చుకోండి. పేరు చూసి పొరబడేవాళ్లు చాలామంది. సీబీఎస్‌ఈ ఫైన్ ఆర్ట్స్‌లో నాలుగు సబ్జెక్టులున్నాయి: పెయింటింగ్ (049), గ్రాఫిక్స్ (050), స్కల్ప్చర్ (051), అప్లైడ్ ఆర్ట్ (052). ఇందులో 050 అంటే ముద్రణ కళ. లినోలియం, చెక్క, లోహపు రేకు చెక్కి, సిరా పూసి కాగితం మీద అచ్చు తీయడం. మంచి విద్యే, కానీ మీ అమ్మాయి అడుగుతున్నది అది కాదు. అక్షరాలు, పోస్టరు, ప్రకటన, లేఅవుట్ ఉండేది 052లో. పాతవాళ్లు దాన్నే కమర్షియల్ ఆర్ట్ అంటారు. నాలుగింటికీ థియరీ 30 మార్కులు, ప్రాక్టికల్ 70. థియరీలో భారతీయ చిత్రకళా చరిత్ర ఉంటుంది. పన్నెండో తరగతిలో రాజస్థానీ, పహాడీ, మొఘల్, దక్కనీ సూక్ష్మచిత్రాలు, బెంగాల్ శైలి చదవాలి.

బడి మార్చేముందు ఒక్కటి అడగండి: 052 చెప్పే టీచరు అక్కడ నిజంగా ఉన్నారా? లేకపోతే కాగితం మీది సబ్జెక్టు కోసం ఊరు మారినట్టే అవుతుంది.

ఇక ఇంటర్ విషయం. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్‌ఈసీ ఏది చదివినా డిజైన్ ప్రవేశ పరీక్షలు రాయొచ్చు. గ్రూపుకన్నా కాలేజీ వేళలు ముఖ్యం. పొద్దున ఆరింటికి మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే రెసిడెన్షియల్ పద్ధతిలో పెన్సిల్ పట్టుకునే తీరికే దొరకదు. వారానికి కనీసం ఐదారు గంటలు బొమ్మలకు, అక్షరాలకు మిగిలే కాలేజీ చూడండి. లెక్కలంటే ఇష్టముంటే ఎంపీసీ తీసుకోనివ్వండి. లేదంటే సీఈసీ, హెచ్‌ఈసీ తీసుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

ప్రశ్న: ఎన్‌ఐడీ, యూసీడ్, నిఫ్ట్, జేఎన్‌ఏఎఫ్‌ఏయూ... ఇన్నిటిలో దేనికి తయారవాలి? ఇంటర్ పరీక్షలయ్యాక మొదలుపెడితే సరిపోతుందా?
(ఇంటర్ ద్వితీయ సంవత్సరం విద్యార్థి, కర్నూలు)

జవాబు: సరిపోదు. ఇంజనీరింగ్ సెట్ల అలవాటులో అందరూ చేసే పొరపాటే ఇది. డిజైన్ పరీక్షల దరఖాస్తులు దసరా, దీపావళి రోజుల్లోనే మొదలవుతాయి. యూసీడ్, అంటే ఐఐటీల్లాంటి చోట్ల బీడిజైన్ (డిజైన్ డిగ్రీ) సీటు కోసం రాసే పరీక్ష, జనవరిలో ఉంటుంది. ఎన్‌ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ) ప్రిలిమ్స్, నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) పరీక్ష కూడా చలికాలంలోనే వస్తాయి. మార్చిలో ఇంటర్ పరీక్షలు రాసి, ఏప్రిల్‌లో తీరిగ్గా వెతికేసరికి ఆ ఏడాది బండి వెళ్లిపోయి ఉంటుంది.

యూసీడ్‌ను ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది. మన హైదరాబాద్ ఐఐటీలో బీడిజైన్ సీటు కూడా దీని ద్వారానే. మొత్తం మూడు గంటలు, 300 మార్కులు. మొదటి భాగం కంప్యూటర్ మీద రెండు గంటలు, 200 మార్కులు. రెండో భాగం కాగితం మీద గంట, 100 మార్కులు. మొదటి భాగంలో కటాఫ్ దాటినవాళ్ల బొమ్మలే దిద్దుతారు కాబట్టి, బొమ్మ బాగా వేస్తాను కదా అని మొదటి భాగాన్ని గాలికొదిలేస్తే ఆ బొమ్మను చూసేవారే ఉండరు. పైగా ఈ పరీక్ష రెండుసార్లే, అదీ వరుస సంవత్సరాల్లోనే రాయాలి. సరదాగా ఒకసారి రాసి చూద్దామనుకుంటే ఒక అవకాశం పోయినట్టే.

ఎన్‌ఐడీకి ప్రిలిమ్స్, మెయిన్స్ అని రెండు మెట్లు. మెయిన్స్‌లో అక్కడికక్కడ ఇచ్చిన సామగ్రితో చేసి చూపించే స్టూడియో టెస్టు ఉంటుంది. 2015లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐడీలో కమ్యూనికేషన్ డిజైన్ ఉంది. అహ్మదాబాద్ పేరు తప్ప మరోటి వినని పిల్లలు దీన్ని మరిచిపోతుంటారు. నిఫ్ట్ హైదరాబాద్‌లో మీకు దగ్గరగా ఉండేది ఫ్యాషన్ కమ్యూనికేషన్. పేరులో ఫ్యాషన్ ఉన్నా అక్కడ పని లేఅవుట్, ఫొటోగ్రఫీ, ప్రదర్శనల చుట్టూ తిరుగుతుంది.

హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం)లో బీఎఫ్‌ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, అప్లైడ్ ఆర్ట్ వేరే దారి. బీడిజైన్ పరీక్షలు మీ ఆలోచనను ఎక్కువగా చూస్తాయి, బీఎఫ్‌ఏ మీ చేతిని ఎక్కువగా చూస్తుంది. దాని ప్రవేశ పరీక్షలో మెమరీ డ్రాయింగ్ ఉంటుంది. సంతలో కూరగాయలమ్మి, బస్సెక్కుతున్న జనం, చెరువు గట్టున బట్టలు ఉతకడం వంటి దృశ్యాన్ని ఎదురుగా ఏమీ లేకుండా గీయాలి. ఫీజులో, ఖర్చులో బీఎఫ్‌ఏ చాలా కుటుంబాలకు అందుబాటులో ఉంటుంది. రెండింటికీ దరఖాస్తు చేయండి.

ప్రశ్న: నాకు బొమ్మలు వేయడం రాదు. డిజైన్ మానుకోవాలా?
(ఇంటర్ ప్రథమ సంవత్సరం విద్యార్థిని, తెనాలి)

జవాబు: అచ్చం ఫొటోలా గీయడం రాకపోయినా ఫరవాలేదు. చూసిన వస్తువు ఎదుటివాళ్లకు అర్థమయ్యేలా గీయడం మాత్రం రావాలి. అది నేర్చుకుంటే వచ్చే పనే. రోజుకు ఇరవై నిమిషాలు ఒక ఇంటి వస్తువును మూడు వైపుల నుంచి గీయండి: ప్రెషర్ కుక్కర్, చెప్పు, సైకిల్ తాళం, గ్యాస్ స్టవ్ నాబ్. రబ్బరు వాడొద్దు. తప్పు గీత పక్కనే సరైన గీత గీయండి. కుక్కర్ మూత అంచు ఎప్పుడు పూర్తి గుండ్రంగా కనిపిస్తుంది, ఎప్పుడు కోడిగుడ్డులా సాగుతుంది అన్నది మీ కంటికి పట్టుబడిన రోజున పర్‌స్పెక్టివ్‌లో, అంటే చూసే కోణాన్ని బట్టి ఆకారం మారే తీరును గీయడంలో, సగం వచ్చేసినట్టే.

ప్రశ్న: కాలేజీ వార్షికోత్సవానికి ఫొటోషాప్‌లో పోస్టరు చేశాను. ఫోన్‌లో టైప్ చేసుకున్న తెలుగును అందులో పేస్ట్ చేస్తే వత్తులన్నీ విడిపోయాయి. 'రాష్ట్రం' అన్న మాట 'రాష్‌ట్‌రం' లాగా వచ్చింది. ఫ్లెక్సీ షాపుకు తీసుకెళితే 'ఇది మా దగ్గర రాదు, మళ్లీ కొట్టాలి' అన్నారు. వాళ్లు కొట్టిన ఫైలు ఇంటికి తెచ్చి తెరిస్తే అంతా ఇంగ్లిష్ గజిబిజి. తప్పెక్కడుంది?
(ఇంటర్ ద్వితీయ సంవత్సరం విద్యార్థి, సిద్దిపేట)

జవాబు: ఇవి రెండు వేర్వేరు తప్పులు. రెండూ తెలుగు డిజైన్‌లోకి వచ్చే ప్రతివాళ్లకూ ఎదురయ్యేవే.

మొదటిది. మీ ఫోన్‌లోని తెలుగు యూనికోడ్, అంటే ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లూ ఒప్పుకునే ఒకే సంఖ్య ఉండే పద్ధతి. 'ష్ట్ర' అన్నది అందులో ఒక అక్షరంగా ఉండదు. ష, పొల్లు, ట, పొల్లు, ర అని ఐదు ముక్కలుగా ఉంటుంది. వాటిని కలిపి ష కింద ట వత్తు, ర వత్తు పేర్చే పని సాఫ్ట్‌వేర్‌ది. ఫొటోషాప్ ఇంగ్లిష్ పద్ధతిలో నడుస్తుంటే ఆ పేర్చడం జరగదు, ముక్కలు ముక్కలుగానే కనిపిస్తాయి. పాత వెర్షన్లలో ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో టైప్‌కు వెళ్లి 'మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్' ఎంచుకుని, ప్రోగ్రాం మూసి తెరిచి, కొత్త ఫైలులో టైప్ చేయాలి. కొత్త వెర్షన్లలో అదే పని 'వరల్డ్-రెడీ లేఅవుట్' చేస్తుంది. పేజీలు కట్టే ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో 'అడోబీ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్' పెట్టాలి. గీతల బొమ్మలకు వాడే ఇల్లస్ట్రేటర్‌లో ముందు ప్రిఫరెన్సెస్ టైప్‌లో 'షో ఇండిక్ ఆప్షన్స్' టిక్ పెడితేగానీ దక్షిణాసియా కంపోజర్ (అక్షరాలను పేర్చే సెట్టింగ్) మెనూలో కనిపించదు. సెట్టింగ్ మార్చినా పాత అక్షరాలు అలాగే ఉన్నాయంటే కంగారు పడొద్దు. ఆ పేరాను సెలెక్ట్ చేసి కంపోజర్‌ను దానికీ వర్తింపజేయాలి, లేదా కొత్త టెక్స్ట్ బాక్సులో మళ్లీ పేస్ట్ చేయాలి.

రెండోది. డీటీపీ సెంటర్లలో, ఫ్లెక్సీ షాపుల్లో 'అను' అనే పేరున్న ఫాంట్ల వాడకం ఎక్కువ. అవి యూనికోడ్ కావు. కంప్యూటర్ లోపల దాచుకునేది ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల సంఖ్యలే. వాటిమీద తెలుగు ఆకారాలు తొడిగి చూపిస్తుంది ఫాంటు. ఆ ఫాంటు లేని మీ ఇంటి కంప్యూటర్‌లో తొడుగు ఊడిపోయి లోపలి ఇంగ్లిష్ బయటపడింది. షాపువాళ్లను తప్పుపట్టి లాభం లేదు. వాళ్ల దగ్గరున్న పాత కోరెల్‌డ్రా (డిజైన్ సాఫ్ట్‌వేర్) యూనికోడ్ తెలుగును సరిగా పేర్చదు, పైగా చేతికి ఆ కీబోర్డు ఏళ్ల తరబడి అలవాటై ఉంటుంది.

మధ్యేమార్గం ఉంది. మీ దగ్గర యూనికోడ్‌లోనే తయారుచేయండి. ప్రూఫు చూడటం పూర్తయ్యాక అక్షరాలను గీతలుగా మార్చండి. ఇల్లస్ట్రేటర్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఓ. కోరెల్‌లో కంట్రోల్, క్యూ. దీన్నే షాపుల్లో 'కర్వ్స్ చేయడం' అంటారు. ఆ ఫైలును పీడీఎఫ్‌గా ఇస్తే ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరం చెదరదు. కానీ కర్వ్స్ చేసిన తర్వాత ఒక్క అక్షరం కూడా దిద్దలేరు. అందుకే దిద్దుకునే కాపీ ఒకటి, ప్రింటుకిచ్చే కాపీ ఒకటి వేర్వేరు పేర్లతో పెట్టుకోండి. ముఖ్య అతిథి పేరు ఆఖరి నిమిషంలో మారని వార్షికోత్సవం ఉండదు.

ఏ కొత్త సాఫ్ట్‌వేర్‌నైనా, ఏ కొత్త ఫాంటునైనా నమ్మేముందు ఈ ఐదు మాటలు టైప్ చేసి చూడండి: స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, లక్ష్మీ, సాఫ్ట్‌వేర్. చివరి మాట వేరే పరీక్ష. 'ట్' తర్వాత కనబడని ఒక గుర్తు పెట్టకపోతే అది 'సాఫ్ట్వేర్' అయి, వ వత్తుగా కిందికి దిగిపోతుంది. ఆ గుర్తు పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. ఇన్‌డిజైన్‌లో ఇన్సర్ట్ స్పెషల్ క్యారెక్టర్ మెనూలో 'నాన్-జాయినర్' పేరుతో ఉంటుంది. ఫోన్‌లో సరిగా ఉన్న మాట పోస్టరులోకి వచ్చాక మారిపోయిందంటే, మధ్యలో ఎక్కడో ఈ గుర్తు రాలిపోయిందని అర్థం.

ప్రశ్న: పిల్లలు చేసే పోస్టర్లలో ఇంగ్లిష్ అందంగా కుదురుతుంది. తెలుగు వచ్చేసరికి ఇరుకుగా, మసకగా ఉంటుంది. ఫాంటు మార్చినా అంతే. ఏం చెప్పాలి వాళ్లకు?
(డ్రాయింగ్ టీచరు, విజయనగరం)

జవాబు: ఫాంటు జోలికి వెళ్లేముందు లైన్ల మధ్య ఖాళీ చూడమనండి. సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇచ్చే ఖాళీ ఇంగ్లిష్‌కు సరిపోయే 120 శాతం. అంటే 12 పాయింట్ల అక్షరానికి 14.4 పాయింట్ల లైను. తెలుగులో పైన గుడి, ఏత్వం, కింద వత్తు, వత్తు కింద మరో వత్తు. పై లైనులోని 'స్త్ర' కిందికి దిగి, కింది లైనులోని 'కీ' నెత్తిన కూర్చుంటుంది. 12 పాయింట్లకు 18 నుంచి మొదలుపెట్టమనండి. పెద్ద శీర్షికలో రెండు లైన్లే ఉంటే, పై లైనులో వత్తులు ఎక్కడున్నాయో చూసి మాటలను అటూ ఇటూ విరవడం ఇంకా మంచిది.

అక్షరాల మధ్య ఖాళీ విషయం దీనికి తలకిందులు. ఇంగ్లిష్ పెద్దక్షరాలను ఎడం చేస్తే దర్జాగా ఉంటాయి కదా అని తెలుగును కూడా సాగదీస్తారు. చాలా ఫాంట్లలో వత్తు విడి ముక్క. ట్రాకింగ్ (అక్షరాల మధ్య ఖాళీ) పెంచితే అది తన తల్లి అక్షరాన్ని వదిలి పక్కకు జరిగిపోవచ్చు. ట్రాకింగ్ సున్నా దగ్గరే ఉంచాలి.

మసకకు కారణం సాధారణంగా దొంగ బోల్డ్. ఫాంటులో బోల్డ్ లేకపోయినా కంట్రోల్ బీ నొక్కితే సాఫ్ట్‌వేర్ అక్షరం చుట్టూ సున్నం పూసినట్టు మందం పెంచుతుంది. అప్పుడు 'థ'లో చుక్క పూడుకుపోతుంది, 'ధ' కింది గీత అంటుకుపోతుంది, చదివేవాళ్లకు ద, ధ, థ మూడూ ఒకటే. నిజంగా పలు మందాలున్న ఫాంట్లు ఎంచుకోవాలి: నోటో సాన్స్ తెలుగు, హింద్ గుంటూరు, అనేక్ తెలుగు. శీర్షికకు మందపాటిది కావాలంటే రామభద్ర, బాలూ తమ్ముడు ఉన్నాయి. ఇవన్నీ ఉచితమే.

పక్కపక్కన రెండు భాషలుంటే పాయింట్ల సంఖ్య సమానం చేసి ఊరుకోకూడదు. కాగితాన్ని చేతి దూరంలో పట్టుకుని కళ్లు సగం మూసి చూస్తే రెండింటి నలుపు ఒకేలా ఉండాలి. ఆ సమానత్వం కంటితోనే తేలాలి తప్ప అంకెతో తేలదు.

ప్రశ్న: ఆరడుగులు ఇంటూ నాలుగడుగుల ఫ్లెక్సీ. నా ఫోన్‌లో అద్దంలా ఉంది, వేశాక మొహాలన్నీ గళ్లుగళ్లు. అంచున ఉన్న ఫోన్ నంబరు సగం కనిపించడం లేదు. నీలం కాస్తా ఊదా అయింది.
(ఇంటర్ విద్యార్థి, మహబూబ్‌నగర్)

జవాబు: లెక్క వేద్దాం. ఆరడుగులంటే 72 అంగుళాలు. ఫ్లెక్సీని పదడుగుల దూరం నుంచి చూస్తారు కాబట్టి అంగుళానికి 72 పిక్సెళ్లు చాలు. అంటే ఫైలు 5184 ఇంటూ 3456 పిక్సెళ్లు ఉండాలి. మీరు వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపి ఉంటారు. అది పొడవాటి వైపును సుమారు 1600 పిక్సెళ్లకు కుదిస్తుంది. 1600ను 72 అంగుళాలకు పంచితే అంగుళానికి 22 వచ్చాయి. గళ్లు అక్కడ పుట్టాయి. ఈసారి డాక్యుమెంటుగా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. చేతిలో పట్టుకుని చదివే కరపత్రానికి మాత్రం అంగుళానికి 300 కావాలి. ఏ4 అయితే 2480 ఇంటూ 3508. చిన్న ఫొటోను సాగదీసి సంఖ్య 300 అని మార్చినంత మాత్రాన వివరం పుట్టదు.

అంచు సంగతి: ఫ్లెక్సీని చెక్క ఫ్రేముకు చుట్టి మేకులు కొడతారు, లేదా మడిచి రింగులు వేస్తారు. చుట్టూ అంచు నుంచి నాలుగంగుళాల వరకు అక్షరం పెట్టకూడదు. ఆఫ్‌సెట్‌లో, అంటే ప్లేట్లతో కాగితం మీద అచ్చువేసే పద్ధతిలో, కరపత్రానికైతే బ్లీడ్ కూడా వదలాలి. కటింగ్ కత్తి అటూ ఇటూ జరిగినా తెల్లగీత రాకుండా రంగును నాలుగువైపులా 3 మిల్లీమీటర్లు బయటికి పోనివ్వాలి, అక్షరాలను అంచుకు 5 మిల్లీమీటర్లు లోపల ఉంచాలి.

నీలం ఊదా కావడానికి కారణం మెజెంటా, అంటే ముదురు గులాబీ సిరా. తెర మీది నీలం వెలుతురుతో పుడుతుంది, అచ్చులో అది సయాన్ (ఆకాశనీలం), మెజెంటా సిరాల కలయిక. రెండూ 100 శాతం ఉంటే ఊదా వైపు ఒరుగుతుంది. సయాన్ 100 ఉంచి మెజెంటాను 65, 70కి తగ్గించండి. అన్నట్టు, ఆఫ్‌సెట్‌లో చిన్న అక్షరాలకు నలుపు ఒక్కటే 100 పెట్టండి. నాలుగు రంగులు కలిపిన నలుపు పెడితే, ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా ప్రతి వత్తుకీ రంగు నీడ పడుతుంది.

ప్రశ్న: పోస్టర్ కలర్స్‌తో పెద్ద జాగా నింపితే మచ్చలు మచ్చలుగా వస్తోంది. రెండో పూత వేస్తే ఇంకా పాడవుతోంది.
(పన్నెండో తరగతి, అప్లైడ్ ఆర్ట్ విద్యార్థిని, విశాఖపట్నం)

జవాబు: పోస్టర్ కలర్ ఆరినా నీళ్లు తగిలితే మళ్లీ కరుగుతుంది. రెండో పూత కుంచె మొదటి పూతను లేపుతోంది. అందుకే ఒకే పూతలో ముగించేలా తయారవ్వాలి.

హాఫ్ ఇంపీరియల్ షీటు, అంటే 15 ఇంటూ 22 అంగుళాలది, నాలుగువైపులా టేపుతో బోర్డుకు అంటించండి. అంటించేముందు టేపును ఒకసారి బట్టకు అద్ది తీస్తే జిగురు తగ్గి, తర్వాత కాగితం చిరగదు. మొత్తం జాగాకు సరిపడా రంగు ఒకేసారి గిన్నెలో కలుపుకోవాలి. సగంలో అయిపోతే మళ్లీ అదే రంగు కలపడం ఎవరి వల్లా కాదు. చిక్కదనం మజ్జిగలా ఉండాలి, చిక్కటి మజ్జిగలా. నీళ్లెక్కువైతే మచ్చలు, తక్కువైతే ఆరాక పగుళ్లు. 2వ నంబరు కుంచెతో అంచు గీసి, అది ఆరకముందే ముప్పావు అంగుళం చదును కుంచెతో ఒకే దిక్కున లాగుతూ నింపండి. ప్రతి వరసా ముందు వరస తడి అంచును తాకాలి. మధ్యలో ఎక్కడైనా మచ్చ కనిపిస్తే ముట్టుకోకండి, ఆరాక చాలావరకు కలిసిపోతుంది. తడిగా ఉండగా సరిదిద్దబోయే చేయే పని చెడగొడుతుంది. ఫ్యాన్ ఆపేయండి. విశాఖ ఉక్కకు కష్టమే, కానీ గాలికి అంచులు ముందే ఆరిపోతాయి.

లేత రంగులు ఆరాక కాస్త ముదురుతాయి, ముదురు రంగులు కాస్త వెలుస్తాయి. కాబట్టి షీటు మీద పెట్టేముందు చిన్న ముక్క మీద వేసి, పూర్తిగా ఆరాకే నిర్ణయించుకోండి.

ప్రశ్న: అబ్బాయి లక్ష రూపాయల ల్యాప్‌టాప్ అడుగుతున్నాడు. అవసరమా?
(ఒక తల్లి, రాజమహేంద్రవరం)

జవాబు: మొదటి సంవత్సరానికి అసలే అవసరం లేదు. 2బీ, 4బీ, 6బీ పెన్సిళ్లు, నల్ల ఫైన్‌లైనర్, 12 అంగుళాల స్కేలు, ఏ4 కాగితాల కట్ట, కత్తెర, జిగురు. పాత పత్రికల శీర్షికలు కత్తిరించి కాగితం మీద జరుపుకుంటూ పది లేఅవుట్లు పెట్టినవాడికి సాఫ్ట్‌వేర్ రెండు వారాల్లో వస్తుంది. తలకిందులుగా వెళ్లినవాళ్లు మెనూలన్నీ తెలిసీ, శీర్షిక ఎక్కడ పెట్టాలో తెలియక కూర్చుంటారు.

రెండో ఏట కొనేటప్పుడు ర్యామ్ 16 జీబీ, ఎస్‌ఎస్‌డీ 512 జీబీ చూడండి. ఎవరూ చెప్పనిది తెర సంగతి. చవక ల్యాప్‌టాప్‌ల వివరాల్లో '45 శాతం ఎన్‌టీఎస్‌సీ' అని ఉంటుంది. తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత అది. ఆ తెర మీద ఎరుపు, నారింజ వెలసిపోయినట్టుంటాయి. పిల్లవాడు వాటిని పెంచుతూ పోతే అచ్చులో కళ్లు చెదురుతాయి. 'ఎస్‌ఆర్‌జీబీ 100 శాతం' ఉన్నది ఎంచుకోండి. ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగినా నష్టం లేదు, తెరలో దిగొద్దు.

సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టనక్కర్లేదు. గీతలకు ఇంక్‌స్కేప్, బొమ్మలకు క్రీటా, ఫొటోలకు గింప్, పేజీలకు స్క్రైబస్ 1.6. ఇంక్‌స్కేప్ అయితే ఏ సెట్టింగూ మార్చకుండానే యూనికోడ్ తెలుగును సరిగా పేరుస్తుంది. క్రాక్ చేసిన ఖరీదైన సాఫ్ట్‌వేర్‌తో వచ్చే వైరస్సు, పరీక్షల ముందు ప్రాజెక్టు ఫైళ్లను మింగేస్తుంది.

ప్రశ్న: కాలేజీలకు చూపించేందుకు నా పనులన్నీ చేర్చిన పోర్ట్‌ఫోలియోలో హీరోల పెన్సిల్ బొమ్మలు పద్దెనిమిది, సినిమా పోస్టర్ల రీడిజైన్లు ఏడు ఉన్నాయి. చూసినవాళ్లంతా బాగున్నాయంటున్నారు. కాలేజీల వాళ్లు ఏమంటారు?
(ఇంటర్ విద్యార్థి, గుంటూరు)

జవాబు: చేయి బాగుందంటారు. తర్వాతి ప్రశ్న 'ఇందులో నీ ఆలోచన ఏది?' అన్నది. దానికి మీ దగ్గర ఇప్పుడు జవాబు లేదు. హీరో బొమ్మలు రెండు ఉంచి మిగతావి తీసేయండి. మీ ఊళ్లో ఉన్న ఒక ఇబ్బందిని పట్టుకోండి. ఉదాహరణకు బస్టాండులో వేళల బోర్డు.

గంటసేపు దాని ముందు నిలబడండి. ఎవరు చూస్తున్నారు, వేలితో ఎక్కడ మొదలుపెడుతున్నారు, ఎవరు చూడకుండా పక్కవాళ్లను అడుగుతున్నారు రాసుకోండి. చాలా బోర్డులు బయల్దేరే వేళ ప్రకారం పేర్చి ఉంటాయి. కానీ వచ్చినవాళ్లు వెతికేది ఊరి పేరు. పొన్నూరు వెళ్లాల్సిన ముసలాయన నలభై వరసలూ పైనుంచి కిందికి చదవాలి. అదే ఊళ్లను అకారాది క్రమంలో పెట్టి, ఒక్కో ఊరి ఎదుట వేళలన్నీ ఒకే వరసలో రాస్తే? అప్పుడు 'తర్వాతి బస్సు ఎప్పుడు' అన్నది వెంటనే దొరుకుతుందా? ఇక్కడ ఒకటి పొందితే ఒకటి పోతుంది. ఆ బేరమే డిజైన్.

రెండంగుళాలు ఇంటూ మూడంగుళాల చిన్న గళ్లలో ఇరవై అమరికలు గీయండి. మొదటి ఐదు అందరికీ తట్టేవే, పదో దాని తర్వాతే సొంతవి మొదలవుతాయి. మూడు ఎంచి పెద్దవి చేయండి. అక్షరం ఎంత ఉండాలి? సైన్‌బోర్డుల వాళ్ల మోటు లెక్క, పదడుగుల దూరానికి అంగుళం ఎత్తు. తెలుగులో ఆ అంగుళాన్ని వత్తులు, గుళ్లు వదిలేసి అక్షరపు ఒంటికి కొలవాలి. ఒక్క వరసను అసలు సైజులో ప్రింటు తీసి గోడకు అంటించి, పదడుగులు, ఇరవై అడుగుల నుంచి ఇంట్లో పెద్దవాళ్లతో కళ్లజోడు లేకుండా చదివించండి. 'పామర్రు', 'మామిడిపూడి' తడబడకుండా చదివారా? వేళల అంకెలు ఒకదాని కింద ఒకటి నిలువుగా కుదిరాయా? రాత్రి ట్యూబ్‌లైటు కింద నున్నటి లామినేషన్ మెరిసి అక్షరం మాయమైతే మెరవని మ్యాట్ లామినేషన్ వేయాలి.

దీన్ని నాలుగు ఏ3 షీట్లలో పెట్టండి: మొదటిదాంట్లో ఉన్న బోర్డు ఫొటో, మీరు గమనించినవి; రెండోదాంట్లో చిన్న గీతలు; మూడోదాంట్లో చదివించిన పరీక్షలో ఏది తప్పింది; నాలుగోదాంట్లో చివరి బోర్డు. మూడో షీటును సిగ్గుపడి తీసేసేవాళ్లే ఎక్కువ. ఇంటర్వ్యూలో ఎక్కువ సేపు మాట నడిచేది దానిమీదే. ఇలాంటివి నాలుగు, వాటికితోడు పది పేజీల స్కెచ్‌బుక్కు చాలు. ఇంకో సంగతి, యూసీడ్‌కు పోర్ట్‌ఫోలియో అడగరు. అయినా ఈ పని చేసినవాళ్లకు అక్కడి రెండో భాగం కొత్తగా అనిపించదు.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో పదకొండో తరగతి. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ టూడీ ఆర్ట్ అండ్ డిజైన్ తీసుకున్నాడు. తెలుగు అక్షరాలతో ఏదైనా చేయొచ్చా? ఏఐతో బొమ్మలు చేసి కలపొచ్చా అని కూడా అడుగుతున్నాడు.
(ఒక తల్లి, టెక్సస్)

జవాబు: రెండో దానికి ముందు జవాబు: కూడదు. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అంటే అమెరికా హైస్కూళ్లలో చదివే కాలేజీ స్థాయి కోర్సు. ఆ కోర్సులో ఏ దశలోనూ ఏఐ వాడకాన్ని, దాన్ని నడిపే కాలేజ్ బోర్డు ఒప్పుకోదు.

మొదటిది భేషుగ్గా చేయొచ్చు. అక్కడ పరీక్ష హాలు ఉండదు, పోర్ట్‌ఫోలియోనే పరీక్ష. ఒక ప్రశ్నను పట్టుకుని సాగించిన అన్వేషణకు 15 చిత్రాలు, దానికి 60 శాతం. ఎంపిక చేసిన 5 పనులకు 40 శాతం. సంబంధం లేని పదిహేను పోస్టర్లు పెట్టడమే ఎక్కువమంది చేసే తప్పు. 'తెలుగు అక్షరాలు అందం' అన్నది ప్రశ్న కాదు. 'నానమ్మ ఉత్తరంలోని చేతిరాతకూ, తెలుగు చదవడం రాని మనవడి కంటికీ మధ్య ఏం పోతుంది?' అన్నది ప్రశ్న. ఆ ఉత్తరంలోని ఒక్క 'క్ష'ను పెద్దది చేయడం, కత్తిరించడం, అద్దంలో తిప్పడం, లినోలో చెక్కి అచ్చు తీయడం, వీటి మధ్య దశల ఫొటోలు కూడా ఆ 15లో పెట్టొచ్చు. పనిచేసిన రోజే తేదీ వేసి ఫొటో తీసుకోమనండి. పోర్ట్‌ఫోలియో పంపాల్సిన మే నెల మొదట్లో మధ్య దశలు గుర్తుచేసుకుని మళ్లీ సృష్టించడం కుదరదు.

ప్రశ్న: నెట్‌లో 'ఫ్రీ' అని ఉన్న ఫాంట్లన్నీ వాడుకోవచ్చా?
(డిగ్రీలో చేరబోయే విద్యార్థి, నిజామాబాద్)

జవాబు: ఫాంటుతోపాటు వచ్చే జిప్ ఫైలులో లైసెన్స్ కాగితం చూడండి. 'ఓపెన్ ఫాంట్ లైసెన్స్' అని ఉంటే పోస్టరుకైనా, అమ్మే పుస్తకానికైనా వాడుకోవచ్చు. గూగుల్ ఫాంట్స్‌లోని తెలుగు ఫాంట్లు ఎక్కువగా ఈ లైసెన్స్ కిందివే. 'పర్సనల్ యూజ్' అని ఉంటే కాలేజీ అసైన్‌మెంటుకు సరే, డబ్బు తీసుకుని చేసే పెళ్లికార్డుకు కాదు. జిప్‌లో లైసెన్సే లేకపోతే ఆ ఫాంటును వాడకుండా తీసేయండి.